బొమముడికి మూడు నెలల సెలవు

గుంటూరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా పేజీని పూర్తిగా ఆక్రమించుకొంది. ఆవిడకు నలభై తొమ్మిదేళ్ళు. మాఘమాసంలో పెద్దమ్మాయి పెళ్ళి. "పెళ్ళి ఫోటోల్లోనూ వీడియోలోనూ అమ్మాయి పక్కన నుంచోవలసినదాన్ని నేనే కదా. నుదుటిమీద గీతలు, కనుబొమల మధ్య రెండు నిలువు చారలు అద్దంలో చూసుకొంటే నాకే దిగులుగా ఉంటోంది. ఇంజక్షన్ చేయించుకొందామనుకొంటున్నాను. మా వీధిలో బ్యూటీపార్లరు ఆవిడ రెండు రకాలున్నాయంటున్నది. ఒకటి కొన్నాళ్ళే ఉంటుందట. రెండోది ఖరీదు ఎక్కువైనా జన్మంతా ఉంటుందట. చీటీ పాడిన డబ్బులో కొంత మిగిలింది. మాటిమాటికీ ఖర్చు పెట్టేకంటె ఒక్కసారే ఆ రెండోది చేయించేసుకొంటే మేలు కదా? మావారు మాత్రం 'ఈ వయసులో ఇదేం షోకు' అంటున్నారు. మీరేమంటారు?"

నాకంటె నాలుగైదేళ్ళు పెద్దవారు కనుక అక్కగారూ అనే పిలుస్తాను. ముందు మీవారి మాట తేల్చేద్దాం. ఆయన తలకు రంగు వేసుకొంటారో లేదో మీరు రాయలేదు. వేసుకొనేవారైతే ఆయన అభ్యంతరాన్ని మనం లెక్కలోకి తీసుకోనక్కరలేదు. వేసుకోనివారైతే వినయంగా విని ఊరుకొందాం. కూతురి పెళ్ళిలో నిండుగా కనిపించాలని తల్లికి ఉండటం తప్పేమీ కాదు. పట్టుచీరె కొనుక్కొంటే ఎవరూ అడగరు, నుదురు చూసుకొంటే మాత్రం అడుగుతారు. ఆ సంగతి అలా ఉంచి, మీరు అడిగిన అసలు ప్రశ్నకు వద్దాం. ఎన్నాళ్ళుంటుంది? ఎక్కువ కాలం ఉండేదే మంచిదా?

మీ పార్లరు ఆవిడ రెండు రకాలున్నాయని చెప్పటం నిజమే. కాని అవి ఒకే పనిని తక్కువ కాలం, ఎక్కువ కాలం చేసే రెండు మందులు కావు. రెండూ వేర్వేరు పదార్థాలు, వేర్వేరు పనులు చేసేవి. తికమక అంతా ఇక్కడే వస్తోంది.

ముఖం మీద ముడతలు రెండు తరగతులు. కోపం వస్తేనో, ఎండలో కళ్ళు చిట్లిస్తేనో, నవ్వితేనో పడి, ఆ వెంటనే పోయేవి ఒక తరగతి. ఇవి కండరాలు లాగటంవల్ల వచ్చేవి. మీరు రాసిన కనుబొమల మధ్య చారలు ఈ తరగతివే. మన కవులు దాన్ని బొమముడి అన్నారు, సంస్కృతంలో భ్రుకుటి. భరతముని నాట్యశాస్త్రంలో కనుబొమల చేష్టలు ఏడు చెపితే అందులో ఇదొకటి. కూచిపూడివారికి సత్యభామ కోపం చూపించటానికి ఇది లేకపోతే గడవదు. ఇక ఏ భావమూ లేకుండా ఊరికే కూర్చున్నా కనిపించే గీతలు రెండో తరగతి. బీరువాలో ఏళ్ళతరబడి ఒకే మడతమీద పెట్టిన పట్టుచీరె విప్పినా ఆ మడతగీత ఎలా మిగిలిపోతుందో, అలాంటివి. దీనికితోడు వయసుతోపాటు చర్మం కింద కొవ్వు తగ్గి, బుగ్గలు లోపలికి పోయి, ముక్కు పక్కనుంచి పెదవి చివరిదాకా గాడి పడుతుంది.

మొదటి తరగతికి వాడేది బొటాక్స్. అది నిజానికి ఒక కంపెనీ పెట్టుకొన్న పేరు. వనస్పతినంతటినీ డాల్డా అన్నట్టు, కాగితం నకలునంతటినీ జిరాక్స్ అన్నట్టు ఆ జాతి మందులన్నిటికీ ఆ పేరే స్థిరపడింది. అసలు పదార్థం బొట్యులినమ్ టాక్సిన్. ఒక సూక్ష్మజీవి తయారుచేసే విషం. లాటిన్‌లో 'బొట్యులస్' అంటే మాంసం కూరిన గొట్టంలాంటి వంటకం. జర్మనీలో సరిగా నిలవచేయని ఆ వంటకం తిని జనం చనిపోతూంటే, 1820 ప్రాంతంలో యుస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు ఆ రోగలక్షణాలన్నీ వివరంగా రాసిపెట్టాడు. తన ఒంటిమీద కూడా ప్రయోగం చేసుకొన్నాడు. ఈ విషాన్ని కొంచెం మోతాదులో మందుగా వాడుకోవచ్చునేమోనని ఊహించినవాడూ ఆయనే. తెలుగు ఎం.ఏ. చదివినదాన్ని కనుక మరొక సంగతి చెప్పకుండా ఉండలేను. ఆయన పేరుపడ్డ కవి కూడా. షూమాన్ అనే గొప్ప సంగీతకారుడు ఆయన గీతాలకు బాణీలు కట్టాడు. తరువాత 1895లో బెల్జియం పల్లెటూరు ఒకదానిలో, చావు ఇంట వాయించటానికి వచ్చిన మేళగాళ్ళు పంది మాంసం తిని జబ్బుపడితే, వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రజ్ఞుడు అందులోంచి ఆ సూక్ష్మజీవిని పట్టుకొన్నాడు.

ఆ విషం మందుగా మారింది మెల్లకన్ను సవరించటానికి. శాన్‌ఫ్రాన్సిస్కో కంటి వైద్యుడు ఆలన్ స్కాట్ చేసిన కృషి ఫలితంగా 1989లో అమెరికా ప్రభుత్వం దాన్ని మెల్లకంటికీ, రెప్పలు ఊరికే మూసుకుపోయే జబ్బుకూ అనుమతించింది. కెనడాలో జీన్ కారథర్స్ అనే కంటి డాక్టరుగారు 1987లో ఈ రెప్పల జబ్బుకు ఇంజక్షన్ ఇస్తూంటే, ఒక రోగి 'నా కనుబొమల మధ్య కూడా చేయరేం? అక్కడ చేస్తే ముఖం ప్రశాంతంగా ఉంటోంది' అన్నదట. డాక్టరుగారి భర్త ఆలస్టేర్ కారథర్స్ చర్మవైద్యుడు. ఇద్దరూ కలిసి దాన్ని పరీక్షించి 1992లో ప్రకటించారు. 2002లో బొమముడికి అమెరికాలో అధికారికంగా అనుమతి వచ్చింది. అదీ కథ.

ఇప్పుడు గడువు సంగతి. నరం కండరానికి 'ముడుచుకో' అని కబురు పంపేది ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం ద్వారా. ఈ మందు నరం చివర తిష్ఠవేసి ఆ రసాయనాన్ని బయటికి రానివ్వదు. నరం చచ్చిపోదు, కండరం చెడిపోదు. కబురు అందదు, అంతే. ఇంజక్షన్ చేసిన గంటకే నున్నగా అయిపోతుందనుకోకండి. రెండు మూడు రోజులకు మొదలై, పూర్తి ఫలితం కనిపించటానికి రెండు వారాలు పడుతుంది. ఈలోగా నరం ఊరుకోదు. మొదలు నరికిన చెట్టు పక్కన పిలకలు వేసినట్టు కొత్త కొసలు పుట్టించుకొంటుంది. తరువాత పాత కొస కూడా కోలుకొంటుంది. ఈ మరమ్మతు పూర్తికావటానికి మూడు నుంచి నాలుగు నెలలు పడుతుంది. మందు ఇంకిపోయిందనీ, కరిగిపోయిందనీ మనం అంటాం గాని, జరిగింది అది కాదు. మన నరం బాగుపడింది.

అక్కగారూ, మీ లెక్క ఇలా ఉంటుంది. మాఘంలో పెళ్ళి కనుక పుష్యమాసం మొదట్లో చేయించుకొన్నారనుకొందాం. పెళ్ళినాటికి నుదురు నున్నగా ఉంటుంది. ఉగాది పచ్చడి తినేనాటికి కనుబొమలు కొంచెం కొంచెంగా కదలటం మీకే తెలుస్తుంది. ఎండాకాలం సెలవులు నడిమికి వచ్చేసరికి చారలు యథాస్థానంలో ఉంటాయి. శ్రావణంలో అమ్మాయి మంగళగౌరి నోముకు పుట్టింటికి వచ్చేసరికి గుమ్మంలో ఎదురయ్యేది పాత అమ్మే. ఏడాది పొడుగునా అలాగే ఉండాలంటే మూడు నాలుగుసార్లు చేయించుకోవాలి. ఇది ఇల్లు కొనుక్కోవటం కాదు, అద్దెకుండటం. చీటీ డబ్బు తీసేముందు ఈ ఒక్క లెక్కా వేసుకోండి.

అందరికీ సరిగ్గా ఇన్ని రోజులేనని చెప్పటానికి వీల్లేదు. కండరం బలంగా ఉన్నవారికి, అంటే సామాన్యంగా మగవారికి, మోతాదు ఎక్కువ కావాలి. చవకగా చేస్తామని మందులో నీళ్ళెక్కువ కలిపి, యూనిట్లు తక్కువ ఇస్తే అది తొందరగానే పోతుంది. బొమముడికి సామాన్యంగా బొటాక్స్ అయిదు చోట్ల కలిపి 20 యూనిట్లు ఇస్తారు. వేరే కంపెనీవారి యూనిట్లు వేరే లెక్క, ఒకదానితో ఒకటి పోల్చకూడదు. 2022లో అమెరికాలో డాక్సిఫై అనే మరొక రకానికి అనుమతి వచ్చింది. అది చాలామందిలో ఆరు నెలల దాకా పనిచేస్తుంది. కొందరు ఆత్రం కొద్దీ రెండో నెలలోనే మళ్ళీ పొడిపించుకొంటారు. అది వద్దు. అస్తమానం ఇస్తూంటే శరీరం దానికి విరుగుడు తయారుచేసుకొని, ఆ తరువాత అసలు పనిచేయకుండా పోయే అవకాశం ఉంది. మూడు నెలల లోపల మళ్ళీ ఇవ్వరాదని మందు తయారుచేసేవారే చెపుతారు.

మా పిన్ని కూతురు డల్లాస్‌లో ఉంటుంది. తను చేయించుకొన్న సంగతి నాకు చెప్పలేదు. వీడియోలో మాట్లాడుతూ మా మేనమామకు ఒంట్లో బాగాలేదని చెపితే మాటల్లో ఆదుర్దా వినిపించింది గాని నుదురు మాత్రం సరస్సులా నిశ్చలంగా ఉంది. నాకు ఒక్క క్షణం కోపం వచ్చిన మాట నిజం. తరువాత అడిగితే నవ్వేసి, 'అక్కా, నేను ఏడిచినా తెలియటం లేదు కదూ' అన్నది. అప్పగింతలవేళ మీ నుదురు ఎలా ఉండాలో కూడా ఆలోచించుకొని, మోతాదు కాస్త తక్కువే ఇమ్మని డాక్టరును అడగవచ్చు. అలా ఇస్తారు కూడా.

మొట్టమొదటిసారి చేయించుకొనేవారు పెళ్ళి వారంలో మాత్రం దగ్గరికి పోవద్దు. నూటికి ముగ్గురికి పైరెప్ప కొంచెం వాలుతుంది. తనంతట తనే సర్దుకొంటుంది గాని, దానికి కొన్ని వారాలు పడుతుంది. నెల రోజుల వ్యవధి ఉంచుకోవటం ఇందుకే. చేయించుకొన్న రోజున ముఖం రుద్దటం, నలుగు పెట్టటం పనికిరావు. గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ, కండరాల బలహీనత జబ్బు ఉన్నవారికీ ఇది తగదు.

ఇక రెండో తరగతి. గాళ్ళు, గుంటలు నింపటానికి వాడేవాటిని ఫిల్లర్లంటారు. గోడకు లప్పం పెట్టినట్టన్నమాట. 1981లో అమెరికాలో ఆవుచర్మంనుంచి తీసిన కొలాజెన్‌తో ఈ పద్ధతికి అనుమతి వచ్చింది. అది మూడు నాలుగు నెలలకే కరిగిపోయేది. పైగా పడుతుందో లేదో ముందు చేతిమీద పరీక్ష చేసి కొన్ని వారాలు ఆగాలి. ఇప్పుడు ఎక్కువగా వాడేది హైయాలురోనిక్ ఆమ్లం. ఆమ్లమంటే భయపడకండి. ఇది మన చర్మంలోనూ, కీళ్ళలోనూ, కంటిలోనూ సహజంగా ఉండే జిగురు పదార్థమే. దీన్ని 1934లో మొదట ఆవుకంటిలోంచే వేరుచేశారు. గాజులా నిర్మలంగా ఉండే కంటి జిగురులో దొరికింది కనుక గ్రీకుభాషలో గాజు అనే మాటతో పేరు పెట్టారు. మన ఒంట్లోని పదార్థమే కనుక దాన్ని కరిగించే విద్య కూడా మన శరీరానికి తెలుసు. రోజూ కొంచెం కొంచెంగా అరగదీస్తూనే ఉంటుంది.

అందువల్ల ఇది సామాన్యంగా ఆరు నెలలనుంచి ఏడాది దాకా ఉంటుంది. మాట్లాడుతూ, తింటూ ఎప్పుడూ కదిలే పెదవుల్లో తొందరగా పోతుంది. కదలిక తక్కువగా ఉండే బుగ్గ ఎముకమీద, గట్టి రకం వాడితే, ఏడాదిన్నర, రెండేళ్ళు కూడా నిలుస్తుంది. పైకి పోయిందనుకొన్న తరువాత కూడా లోపల కొంత మిగిలి ఉండటం స్కానింగుల్లో కనిపించింది. కనుక 'తగ్గింది, మళ్ళీ నింపు' అంటూ పోతే ముఖం బూరెలా తయారవుతుంది. ఇలాంటి ముఖాలను సినిమాల్లోనూ టీవీల్లోనూ చూసి మనమందరం ముక్కున వేలేసుకొంటూనే ఉన్నాం కదా. ఎముకల్లో ఉండే సున్నపు పదార్థంతో తయారయ్యే ఫిల్లరు ఏడాది పైచిలుకు ఉంటుంది. మరొకటుంది, పాలీ లాక్టిక్ ఆమ్లమని. అది తాను కరిగిపోతూ మన శరీరంచేతనే కొత్త కొలాజెన్ పుట్టిస్తుంది. ఫలితం నెలల తరబడి నెమ్మదిగా వస్తుంది, రెండేళ్ళ దాకా ఉంటుంది.

ఇప్పుడు మీ పార్లరు ఆవిడ చెప్పిన జన్మాంతరపు సరుకు సంగతి. వద్దు అక్కగారూ. ఆవిడ ఉచితంగా చేస్తానన్నా వద్దు.

కరగకుండా ఉండే పదార్థాలు కొత్తవేమీ కావు. వియన్నాలో గెర్సునీ అనే వైద్యుడు 1899లో మైనం లాంటి పారఫిన్‌ను కరిగించి చర్మం కింద ఎక్కించే పద్ధతి మొదలుపెట్టాడు. అది యూరపంతా పాకింది. ఆ రోజుల్లో గ్లాడిస్ డీకన్ అనే అమెరికన్ సుందరి ఉండేది. తరువాత ఇంగ్లండులో మార్ల్‌బరో ప్రభువును పెళ్ళాడింది. యూరపులో ఆవిడ అందం గురించి చెప్పుకోని దర్బారు లేదు. ఇరవై రెండేళ్ళ వయసులో ముక్కు ఇంకా తీరుగా, గ్రీకు శిల్పంలా ఉండాలని ముక్కుదూలంలో పారఫిన్ ఎక్కించుకొంది. అది అక్కడ నిలవలేదు. కిందికి జారి గడ్డం దాకా దిగింది. ఆవిడ 1977 దాకా, తొంభై ఆరేళ్ళు బతికింది. ఆ ముఖంతోనే బతికింది.

పారఫిన్ పోయి సిలికోన్ వచ్చింది. ముఖం అందానికి సిలికోన్ ద్రవాన్ని ఎక్కించటానికి అమెరికా ప్రభుత్వం ఈనాటికీ అనుమతి ఇవ్వలేదు. ప్లాస్టిక్ జాతి సూక్ష్మగోళాలుండే ఫిల్లరు ఒకటి 2006లో అక్కడ అనుమతి పొందింది. ఆ గోళాలు కరగవు. ఇలాంటి పదార్థాలవల్ల ఏళ్ళ తరువాత, ఒక్కొక్కప్పుడు పదేళ్ళ తరువాత కూడా, చర్మం కింద గడ్డలు లేచిన సందర్భాలున్నాయి. తీయాలంటే కత్తి పట్టవలసిందే. ఇంకొక చిక్కు కూడా ఉంది. నలభై తొమ్మిదో ఏట బుగ్గ ఉన్నచోట అరవయ్యో ఏట బుగ్గ ఉండదు. చర్మం జారుతుంది, కొవ్వు తగ్గుతుంది, ఎముక కూడా కొంత అరుగుతుంది. ముఖమంతా కదిలిపోయినా, ఎక్కించిన ముద్ద మాత్రం తన స్థానంలో తాను ఉంటుంది.

అందుకే పదికాలాలపాటు ఉండకపోవటమే ఈ ఇంజక్షన్లలో ఉన్న మంచిగుణమని నేనంటాను. బొమముడి ఇంజక్షన్ నచ్చకపోతే నాలుగు నెలలు ఓపికపడితే సరి. హైయాలురోనిక్ ఆమ్లం నచ్చకపోతే అంతకూడా ఆగనక్కరలేదు. దాన్ని కరిగించే హైయాలురోనిడేజ్ అనే విరుగుడు ఇంజక్షన్ ఉంది, ఒకటి రెండు రోజుల్లో చాలాభాగం కరుగుతుంది. ఈ విరుగుడు ముఖ్యంగా కావలసింది అందంకోసం కాదు. ఏ ఫిల్లరైనా పొరపాటున రక్తనాళంలోకి పోతే ఆ దారి మూసుకుపోయి చర్మం నల్లబడి చచ్చిపోతుంది. కనుబొమల మధ్యా, ముక్కుమీదా ఇస్తే అరుదుగా కంటిచూపు పోయిన కేసులు కూడా ఉన్నాయి. ఆ వేళ నిమిషాలు లెక్క. విరుగుడు ఆ గదిలోనే, ఆ అలమరలోనే ఉండాలి. దాన్ని వాడటం తెలిసినవారు ఎదురుగా ఉండాలి. మరి కరగని పదార్థానికి విరుగుడు ఏదీ?

కనుక పార్లరులో జడ వేయించుకోండి, గోరింటాకు పెట్టించుకోండి. సూది మాత్రం చర్మవైద్యంలోనో, ప్లాస్టిక్ సర్జరీలోనో పై చదువు చదివిన డాక్టరు చేతిలోనే ఉండాలి. సీసా మీద పేరు, గడువు తేదీ చూపించమనండి. బొట్యులినమ్ మందు పొడిరూపంలో వస్తుంది, చల్లగా ఉంచాలి. మీ ఎదుటే కలపమనండి. ఎన్ని యూనిట్లు ఇచ్చారో చీటీమీద రాయించుకోండి. మొహమాటపడవద్దు. బంగారం కొనేటప్పుడు తూకం చూస్తాం కదా. 2004లో ఫ్లోరిడాలో ఒక డాక్టరు, మనుషులకు వాడరాదని ఉన్న ప్రయోగశాల విషాన్ని తెచ్చి, తనకూ మరి ముగ్గురికీ ఎక్కించాడు. నలుగురికీ కండరాలు చచ్చుబడి, ఊపిరి ఆడించే యంత్రాలమీద పడుకోవలసివచ్చింది. 2024 ఏప్రిల్ నాటికి అమెరికాలో 11 రాష్ట్రాల్లో 22 మంది ఇలాంటి అడ్డదారి ఇంజక్షన్లవల్ల జబ్బుపడ్డారు. వీరిలో కొందరు ఇళ్ళల్లోనూ, అందం దుకాణాల్లోనూ పొడిపించుకొన్నవారు. చవకబేరంలో సీసా చవకది కావటమే కాదు, సీసాలో ఉన్నదేమిటో కూడా తెలియదు.

ఈ ఉత్తరం గురించి మా స్టాఫ్ రూములో మాట వస్తే ఒక చిన్న లెక్చరరు, ముప్ఫై దాటని పిల్ల, అడిగింది. 'మొదలుపెట్టి మధ్యలో మానేస్తే ముందుకంటె ఎక్కువ ముడతలు పడతాయటగా మేడమ్, నిజమేనా?' చాలామందికి ఉన్న భయమే ఇది. అలా జరగదు. మానేస్తే వయసు ప్రకారం ఎక్కడుండాలో అక్కడికి వస్తాం. మూడు నాలుగు నెలలు నున్నటి నుదురు చూసుకొన్న కళ్ళకు పాత నుదురు కొత్తగా కనిపిస్తుంది, అంతే.

2006లో ఒక వైద్యపత్రికలో అచ్చయిన కేసు ఉంది. ఇద్దరు కవల అక్కచెల్లెళ్ళు, ఒకే పోలిక. ఒకావిడ 13 ఏళ్ళపాటు ఏడాదికి రెండు మూడుసార్లు బొటాక్స్ చేయించుకొంది. రెండో ఆవిడ ఆ కాలమంతటిలో రెండేసార్లు. చివరికి ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి చూస్తే, క్రమంగా చేయించుకొన్నావిడ నుదుటిమీద నిలిచిపోయిన గీతలు లేవు, రెండో ఆవిడకు ఉన్నాయి. బీరువాలో చీరె మడత మారుస్తూ వచ్చినదానికీ, మార్చనిదానికీ ఉన్న తేడా అది. ఇంజక్షన్ జోలికి పోని ముక్కు పక్క గాళ్ళు ఇద్దరికీ ఒకేలా ఉన్నాయి. మొదటి ఆవిడ ఆఖరి ఇంజక్షన్ చేయించుకొని ఏడు నెలలైన తరువాత ఇద్దరినీ నవ్వమన్నారు. కంటికొసల ముడతలు ఇద్దరికీ పడ్డాయి.